పదకొండో గడి

కమిషనర్ ఆఫీసు ఎదుటి ఫుట్‌పాత్ మీద
నాకు రెండు టైపు మిషన్లు.
ఒకదానికి కన్నడం వచ్చు, ఒకదానికి ఇంగ్లీషు.
తెలుగు నాకొక్కడికే వచ్చు.
అందుకే కుళ్ళాయప్ప వెతుక్కుంటూ వచ్చాడు,
భుజం మీద ఇంకా తడి ఆరని తువ్వాలు,
గ్లాసులు కడిగి కడిగి ముడతలు పడ్డ వేలికొసలు.
"అన్నా, పాటకి లైసెన్సు కావల్లంట."

కమ్మనహళ్ళి వెనక సందులో మునిరెడ్డి బారు.
పోయడానికి పర్మిట్టుంది, పటం కట్టి, దండేసి,
గల్లాపెట్టె పైన లక్ష్మీదేవి పక్కనే.
వండడానికి ఇంకోటి.
నిప్పంటుకుంటే ఆర్పుకోవడానికి ఇంకోటి.
పేరు మీద వెలిగే ట్యూబులైటుకి కూడా ఒకటి.

శనివారం కూలి చేతికొచ్చాక
సెంట్రింగు పనివాళ్ళు, కదిరి వాళ్ళు, మదనపల్లె పక్కవాళ్ళు
రెండో క్వార్టరు దగ్గర అడిగేవాళ్ళు:
"కుళ్ళాయీ, ఒక్క పద్యం."
ట్రే బల్ల మీద పెట్టి, ఎడం చెయ్యి చెవికి ఆనించి
వాళ్ళూరి నాటకంలో
రాజ్యం పోయిన రాజు పద్యం ఎత్తుకునేవాడు.
ఆఖరి అక్షరం పట్టుకుని రాగం లాగుతుంటే
ఐసు కరగడం మానేసేదని చెప్పను గానీ
వేరుశెనగలు నమలడం మాత్రం ఆగేది.

ఒక రాత్రి బీటు పోలీసు గుమ్మంలో నిలబడి, మొత్తం విని,
అప్పుడడిగాడు: "ఇదేంటి, లైవ్ బ్యాండా?"
"కాదు సార్, సర్వరు."

ఫారం చదివి వినిపించాను.
కళాకారుల సంఖ్య: ఒకటి.
వేదిక ఎత్తు: నేల.
వాద్యాలు: స్టీలు ట్రే, అదీ దరువుకి ఎప్పుడైనా.
కళాకారుడికీ ప్రేక్షకుడికీ మధ్య దూరం?
"బిల్లు అందేంత" అన్నాడు.
ఆరడుగులు అని కొట్టాను.
కళాకారులు బల్లల మధ్య తిరుగుదురా?
"తిరక్కపోతే జీతం ఎవరిస్తారన్నా?"
తిరగరు అని కొట్టాను.

పదకొండో గడి: వినోదం స్వభావం.
అక్కడ ఆగింది మిషను.
నాటకమందామంటే తెర లేదు,
కచేరీ అందామంటే పక్కన ఫిడేలు లేదు,
డాన్సు అంటే మునిరెడ్డి చొక్కా పట్టుకుంటారు.
"అసలు వినేవాళ్ళకి అది వినోదమేనా?" అన్నాను.
చాలాసేపు ఆలోచించాడు.
"ఎర్రిస్వామని ముసలి మేస్త్రీ ఉన్నాడు, ఏడుస్తాడు.
ఏడ్చిన రోజు టిప్పు ఎక్కువ."
ఇతరములు అని కొట్టాను.
నా రేటు కాగితానికి అరవై. నలభై తీసుకున్నాను.
ఆ ఇరవై ఏ గడిలో రాయాలో తెలీలేదు.

మూడు వారాలకి టేపు పట్టుకుని ఇద్దరొచ్చారు.
బడి గేటు నుంచి బారు గుమ్మం దాకా
మనిషి నడిచే దారిన కొలవాలి.
బడి మూతబడి నాలుగేళ్ళు. లోపల ఎవరో కార్లు కడుగుతున్నారు.
"బోర్డు ఉంది గదా" అన్నారు.
కుళ్ళాయప్పే టేపు రెండో కొస పట్టుకున్నాడు.
తన గొంతు ఎన్ని మీటర్ల అవతల నేరం కాదో
వంగి వంగి తానే కొలిచి చూపించాడు.
నాలుగడుగులు తక్కువొచ్చింది.
మురిక్కాలువ దగ్గర వంకర తిరిగి నడిస్తే సరిపోయింది.
ఆ వంకరకి మునిరెడ్డి ఎంతిచ్చాడో నేనడగలేదు.

ఫైలు వెనక్కొచ్చింది, ఎర్ర సిరాతో ఒక్క ప్రశ్న:
రాగం నిడివి ఎంత?
ఫోన్ చేశాను. గ్లాసుల చప్పుడు, కుళాయి.
"ఎంతంటే ఏం చెప్పేది... వాళ్ళు చాలనేదాకా.
లేకుంటే నాకు దగ్గొచ్చేదాకా."
అదే కొట్టబోయి, కాగితం లాగేసి, ఇంకోటి ఎక్కించి
రెండు నిమిషాలకు మించదు అని కొట్టాను.

ఇది ఫిబ్రవరి మాట. ఇప్పుడు జూలై.
శనివారాలు టీవీ పెడుతున్నారట.
ఎర్రిస్వామి వేరే బారు చూసుకున్నాడట.

మొన్న టీ బండి దగ్గర ఆ బీటు పోలీసే కనిపించాడు.
ఆ సర్వరు కాగితం ఏమైందని కన్నడంలో అడిగాడు.
ఇంకా లోపలే ఉందన్నాను.
తలూపి, ఒక గుక్క తాగి,
పద్యం చివరి అక్షరం సన్నగా లాగబోయి
ఆఫీసు మెట్ల వైపు చూసి
గ్లాసు కింద పెట్టాడు.